ఎర్రసూర్యుడి కాలంలో చెరువుగట్టు చిత్రకారులు

1974 ముగుస్తున్న రోజుల్లో బీజింగ్‌లో ఒక చిత్రప్రదర్శన జరిగింది. దానికి హాలు లేదు, ఆహ్వానపత్రం లేదు, పత్రికలో వార్త లేదు. ఫుసుయ్‌జింగ్ అనే బహుళ అంతస్తుల నివాస భవనంలో, జాంగ్ వెయ్ అనే యువకుడి ఇంట్లో, ఒకరినొకరు నమ్మిన కొద్దిమంది స్నేహితులు తమ చిత్రాలను గోడలకు పెట్టుకుని, తలుపు మూసుకుని చూసుకున్నారు. ఆ భవనానికీ ఒక చరిత్ర ఉంది. 1950ల చివర, మనుషులందరూ ఇకమీద సామూహిక భోజనశాలల్లోనే తింటారన్న నమ్మకంతో, ఇళ్లలో వంటగదులు లేకుండా కట్టిన భవనం అది. సొంత పొయ్యి కూడా అక్కర్లేదని తేల్చిన చోట కొందరు తమ సొంత చూపును గోడకు తగిలించారు.

ఆ గోడల మీద సరస్సు ఒడ్డున చెట్లు, మంచు కప్పిన ఆవరణలు, పాత భవనాల కప్పులు, పూలు ఉన్నాయి. చైనా పాలకుడు మావో చిత్రం లేదు, మావోను నిందించే చిత్రమూ లేదు. నినాదం లేదు, నినాదానికి బదులూ లేదు. అయినా ఆ రాత్రి పోలీసులు వచ్చి ఉంటే ఆ గదిలో ఉన్నవారి బతుకులు తలకిందులయ్యేవి. అనుమతి లేకుండా గుమిగూడటం ఒక నేరం, అనుమతి లేని బృందంగా ఏర్పడటం మరో నేరం, అక్కడున్న కళ మొత్తం 'బూర్జువా' కళ కావడం అన్నిటికన్నా పెద్ద నేరం.

చెట్టును చెట్టులా వేయడం తప్పెలా అయింది? చెట్టును వేసినవాళ్లు ప్రతిఘటించినట్టెలా అవుతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకే చోట ఉంది. దాన్ని వెతకాలంటే ముందుగా ఆనాటి చైనాలో ప్రకృతి ఎవరి సొత్తుగా ఉండేదో చూడాలి.

కొండలూ నదులూ ప్రభుత్వానివే

1942లో, అప్పటి కమ్యూనిస్టు స్థావరమైన యెనాన్‌లో మావో చేసిన ప్రసంగాలు కళాసాహిత్యాలు కార్మికులకు, రైతులకు, సైనికులకు సేవ చేయాలని, రాజకీయాలకు లోబడి ఉండాలని తేల్చిచెప్పాయి. తెలుగు పాఠకులకు ఈ ప్రసంగాలు కొత్తవి కావు. 1970లో విరసం ఏర్పడిన కాలం నుంచి సాహిత్యం ఎవరికోసం అన్న చర్చ జరిగిన ప్రతిచోటా వాటి నీడ ఉంది. అయితే ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఇక్కడ ఆ మాటలు రాజ్యాన్ని ఎదిరించినవారి చేతిలో ప్రశ్నగా ఉండేవి. వాటిని పలికినందుకు ఇక్కడి రచయితలు జైలుకు వెళ్లారు. సరిగ్గా అదే సంవత్సరాల్లో చైనాలో అవే మాటలు రాజ్యం చేతిలో ఆజ్ఞగా ఉండేవి. వాటిని పాటించనందుకు అక్కడి చిత్రకారులు జైలుకు వెళ్లారు. ఈ విషయంలో తెలుగులో జరగవలసినంత చర్చ జరగలేదు.

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక చైనాలో ప్రకృతి చిత్రాలను నిషేధించారని అనుకుంటే పొరపాటు. వెయ్యేళ్లకు పైగా కొండలను, నీళ్లను చిత్రకళలో శిఖరస్థానంలో నిలబెట్టిన దేశం అది. మొదట్లో ఆ సంప్రదాయాన్ని భూస్వాముల కాలక్షేపమని తీసిపారేసినా, త్వరలోనే దాన్ని వదులుకోవడం కంటే వాడుకోవడం మేలని పాలకులకు అర్థమైంది. 1959లో బీజింగ్‌లో ప్రజా మహాసభా భవనం కోసం ఫు బావ్‌షి, గ్వాన్ షాన్‌యుయె అనే ఇద్దరు సిద్ధహస్తులు కలిసి ఒక బృహత్ చిత్రాన్ని వేశారు. ఎత్తు సుమారు అయిదున్నర మీటర్లు, వెడల్పు తొమ్మిది మీటర్లు. విషయం మావో కవితలోని ఒక పాదం. దాని మీది అక్షరాలు మావో చేతిరాత. చిత్రం పూర్తికావస్తున్న దశలో ప్రధాని చౌ ఎన్‌లై వచ్చి చూసి, చిత్రాన్నీ అందులోని సూర్యుణ్నీ ఇంకా పెద్దవి చేయాలన్నారు. చేశారు.

చౌ ఎన్‌లై కళాద్వేషి కాదు. ఆ చిత్రకారులు చేతకానివారూ కాదు. ఫు బావ్‌షి వానను వేసిన తీరు చూసినవారెవరూ ఆయన ప్రతిభను తక్కువ చేయలేరు. ఇక్కడ గమనించవలసింది సూర్యుడి పరిమాణం చిత్రకారుడి నిర్ణయం కాకుండా పోవడం. ఆ దశాబ్దపు ప్రకృతి చిత్రాల్లో లోయ ఉంటే దానికి అడ్డంగా ఆనకట్ట ఉండేది, కొండ ఉంటే విద్యుత్ స్తంభాలు ఉండేవి, పొగమంచు ఉంటే దాన్ని చీల్చుకుంటూ రైలు వచ్చేది. 1962 నుంచి 1964 వరకు లి కెరాన్ మావో కవితాపాదమొకటి తీసుకుని కొండలన్నిటినీ సింధూర వర్ణంలో ముంచెత్తిన చిత్రాలను పదేపదే వేశారు. వాటిలో గొప్ప పనితనం ఉంది. అదే లి కెరాన్ తనకిష్టమైన నల్లని సిరాతో చిక్కని కొండలు వేస్తే, దేశాన్ని చీకటిగా చూపుతున్నాడన్న నింద పడింది.

1966లో పాత సంస్కృతిని తుడిచిపెట్టాలంటూ మావో పిలుపునిచ్చిన సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక ఈ కాస్త వెసులుబాటు కూడా పోయింది. చిత్రం ఎర్రగా, వెలుగుతో, మెరుస్తూ ఉండాలి. నాయకుడు అందరికన్నా ఎత్తుగా, లోపం లేకుండా ఉండాలి. 1967లో లియు చున్‌హువా వేసిన, యువకుడైన మావో ఆన్‌యువాన్ గనులకు నడిచి వెళ్తున్న తైలవర్ణ చిత్రం తొంభై కోట్ల ప్రతులు అచ్చయిందని చెబుతారు. ఆ చిత్రంలోనూ కొండలున్నాయి, మేఘాలున్నాయి. అవి నాయకుడి పాదాల కింద ఉన్నాయి.

సూర్యుడంటే మావో అని పాటలు, పోస్టర్లు, బడిపుస్తకాలు రాత్రింబవళ్లు చెబుతున్న దేశంలో సాయంత్రపు వెలుగును వేయాలంటే ధైర్యం కావాలి. అస్తమయాన్ని వేసినవాడికి 'ఏ సూర్యుడు అస్తమిస్తున్నాడు?' అన్న ప్రశ్న ఎదురుకావచ్చు. అలాంటి ప్రశ్నకు నిర్దోషి ఇవ్వగల జవాబు లేదు.

గుడ్లగూబ కన్ను

ఇలాంటి ప్రశ్నలు ఊహించి చెబుతున్నవి కావు. షి లు అనే చిత్రకారుడు 1959లో ఉత్తర షాన్షీ యుద్ధకాలాన్ని వేశారు. ఎర్రమట్టి కొండల నడుమ, ఒక శిఖరపు అంచున మావో నిలబడి దూరంగా చూస్తుంటారు. కొన్నేళ్లపాటు ఆ చిత్రాన్ని గొప్పదన్నారు. 1964లో దానికి వేరే అర్థం చెప్పారు. చుట్టూ సైన్యం లేకుండా మావోను ఒంటరిని చేశాడన్నారు, ముందుకు దారి లేని కొండ అంచున నిలబెట్టాడన్నారు. షి లు ఆరోగ్యం, మనసు రెండూ చితికిపోయాయి. ఆ తర్వాత వచ్చిన సాంస్కృతిక విప్లవంలో ఆయన అనుభవించిన హింస దానికి తోడైంది.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పర్యటన తర్వాత విదేశీ అతిథుల కోసం హోటళ్లను అలంకరించాలని చౌ ఎన్‌లై పాత తరం చిత్రకారులను మళ్లీ పనిలోకి పిలిపించారు. ఏళ్ల తరబడి పశువుల కొట్టాల్లో బందీలుగా, పొలాల్లో కూలీలుగా ఉన్నవారు తిరిగి కుంచె పట్టుకుని పూలు, పక్షులు, జలపాతాలు వేశారు. రెండేళ్లు తిరక్కుండానే మావో భార్య జియాంగ్ చింగ్ వర్గం అవే చిత్రాలను పోగుచేసి, 1974లో వాటిని విప్లవ వ్యతిరేకమని దుయ్యబట్టే 'నల్ల చిత్రాల' ప్రదర్శన పెట్టింది. చౌ ఎన్‌లైను దెబ్బతీయడానికి చిత్రకారులు సాధనమయ్యారు. హువాంగ్ యొంగ్‌యు వేసిన గుడ్లగూబ ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసుకుని ఉంది. అది సోషలిజం మీద ద్వేషమన్నారు. లి కుచాన్ తామరపూలు వేస్తే, వాటిని ఎనిమిదిగా లెక్కపెట్టి, జియాంగ్ చింగ్ తయారుచేయించిన ఎనిమిది ఆదర్శ రంగస్థల కృతులను ఎగతాళి చేశాడన్నారు. గుడ్లగూబలు నిజంగానే ఒక కన్ను మూసుకుంటాయి. ఆ వాదన వినేవారెవరూ లేరు.

ప్రకృతి చిత్రాన్ని ప్రతిఘటనగా చూసే విమర్శకులు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. నియంతృత్వంలో వేసిన ప్రతి చెట్టులోనూ ఒక రహస్య సంకేతాన్ని వెతకడం మనకు ఆకర్షణీయంగా ఉంటుంది. ఎండిన కొమ్మ అంటే అణగారిన ప్రజ, మంచు అంటే భయం, తలవంచిన చెట్టు అంటే శోకం అని తేలిగ్గా విప్పిచెప్పవచ్చు. కానీ అది సరిగ్గా జియాంగ్ చింగ్ మనుషులు గుడ్లగూబను చదివిన పద్ధతే. ప్రతి బొమ్మకూ ఒక రాజకీయార్థం ఉండి తీరాలన్నది ఆ పాలన పట్టుదల. ఫుసుయ్‌జింగ్ గదిలోని చిత్రాలు లొంగనిది ఆ పట్టుదలకే. వాటిలో సంకేతాలు వెతికితే, ఏ నిర్బంధం నుంచి వాళ్లు తప్పించుకున్నారో అందులోకే వాళ్లను తిరిగి లాగినట్టవుతుంది.

యుయువాన్‌తాన్ ఒడ్డున

బీజింగ్ పడమటి భాగంలో యుయువాన్‌తాన్ అనే సరస్సు, దాని చుట్టూ ఒక ఉద్యానం ఉన్నాయి. 1960ల మొదట్లో జావ్ వెన్లియాంగ్, యాంగ్ యుషు, జాంగ్ దాఆన్ అనే యువకులు ఒక చిన్న ప్రైవేటు చిత్రకళా పాఠశాలలో కలుసుకున్నారు. జావ్ 1937లో హార్బిన్‌లో పుట్టినవాడు, యాంగ్ అతనికన్నా ఏడేళ్లు చిన్నవాడు. ప్రభుత్వ కళాశాలలు వీళ్లకు అందలేదు. తర్వాత షి జెన్‌యు కలిశాడు. పని లేని వేళల్లో వీళ్లు ఆ సరస్సు దగ్గరికి వెళ్లి బొమ్మలు వేసేవారు. తరచూ అక్కడే కనిపించడంతో వాళ్లకు 'యుయువాన్‌తాన్ చిత్రకారులు' అన్న పేరు వచ్చింది.

సాంస్కృతిక విప్లవం వాళ్లను ఆపలేదు. మిగిలిన పనులన్నీ ఆగిపోయాయి కాబట్టి ఇదొక్కటే మిగిలింది. 1970ల మొదట్లో వీళ్ల చుట్టూ ఇంకా చిన్నవాళ్లు చేరారు. తర్వాత తన ఇంట్లో ఆ ప్రదర్శన పెట్టిన జాంగ్ వెయ్, మా కెలు, లి షాన్, వాంగ్ ఐహె, జెంగ్ జియాన్, వెయ్ హాయ్ వంటివారు. వీరిలో అమ్మాయిలు గణనీయంగా ఉన్నారు. అధికారిక కళాసంఘాల్లో అంత సులభంగా దొరకని సమానత్వం ఈ అనధికార బృందంలో ఉండేది. చాలామంది ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. 1966లో వీళ్లు బడిపిల్లలు. కుటుంబాల మీద విప్లవ శత్రువులన్న 'నల్ల వర్గం' ముద్ర పడటాన్ని, ఇళ్లను మావో పేరుతో కదిలిన యువదళాలైన రెడ్ గార్డులు సోదా చేయడాన్ని, పుస్తకాలు తగలబడటాన్ని కళ్లారా చూసిన తరం అది. భూస్వామి మనుమడు, మితవాది కూతురు అన్న ముద్ర పడితే కళాశాల తలుపులు శాశ్వతంగా మూసుకునేవి.

వీళ్లు పని చేసిన పద్ధతి చూస్తే కళకూ నిర్బంధానికీ ఉన్న సంబంధం ఏ సిద్ధాంతం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. వీళ్ల చిత్రాలు చాలావరకు నోటుపుస్తకమంత ఉంటాయి. కాన్వాసు కాదు, కాగితం లేదా అట్ట మీద తైలవర్ణాలు. సొంతంగా తయారుచేసుకున్న చిన్న రంగుల పెట్టె, దాని మూతలో ఇమిడేంత కాగితం. మూత తెరిస్తే అదే ఈజిల్. పని అయిపోతే తడి ఆరని బొమ్మను లోపలే ఉంచి మూత వేసి, ఆ రోజుల్లో అందరి భుజాలకూ వేలాడే పచ్చని సైనిక సంచీలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. జీతానికి అందే సామగ్రి అంతే. దాచడానికి వీలయ్యే పరిమాణమూ అంతే. ప్రజా మహాసభా భవనంలోని తొమ్మిది మీటర్ల చిత్రం పక్కన ఈ అట్టముక్కను ఊహించుకుంటే, పరిమాణం కూడా ఒక మాట చెబుతుందని తెలుస్తుంది. ఆ పెద్ద చిత్రం వందలమంది ఒకేసారి తలెత్తి చూడటానికి వేసినది. ఈ చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కరే చూడాలి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. ఫ్యాక్టరీ పని తర్వాత రాజకీయ అధ్యయన సమావేశాలుండేవి. మనిషి రోజులో ప్రతి గంటకూ ఒక సామూహిక ప్రయోజనం ఉండేది. పని ముందు తెల్లవారుజామునో, తర్వాత చీకటిపడే వేళనో దొరికిన కాసేపటిలో నీళ్ల మీద వెలుగు మారడాన్ని పట్టుకోవాలి. అందుకే వీళ్ల చిత్రాల్లో మధ్యాహ్నపు ఎండకన్నా ఉదయసంధ్య, సాయంసంధ్య, వెన్నెల, మంచు ఎక్కువ. 'ఎర్రగా, వెలుగుతో, మెరుస్తూ' అన్న సూత్రానికి ఇవన్నీ సరిగ్గా వ్యతిరేకం. అయితే వ్యతిరేకించాలన్న పట్టుదలతో ఆ రంగులు ఎంచుకున్నారని అనుకోనక్కర్లేదు. వాళ్లకు మిగిలిన గంటల్లో లోకం ఆ రంగుల్లోనే ఉంది.

మా కెలు 1974లో మంచులో ఉన్న ఊమెన్ ద్వారాన్ని వేశాడు. ఊమెన్ అంటే తియానన్మెన్‌కు ఉత్తరాన, చక్రవర్తుల కోటకు ముందున్న మహాద్వారం. ఆ ప్రాంతం ఆనాటి అచ్చుబొమ్మల్లో ఎలా ఉండేదో చైనాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. మబ్బులేని ఆకాశం, జెండాలు, చేతిలో మావో సూక్తుల ఎర్రపుస్తకంతో లక్షలమంది. దేశమంతటికీ ఒకే విధంగా చూపించిన ఆ చోట, చలికాలంలో ఒక రోజు మంచు కురిసిందని ఒక ఇరవై ఏళ్ల కుర్రవాడు చూశాడు, చూసినదాన్నే వేశాడు. ఆ చిత్రం చేసిందల్లా ఇంతే. ప్రభుత్వం చూపినదాన్ని కాక, తన కళ్లు చూసినదాన్ని నమ్మడం. అంతకు మించిన అవిధేయత ఆ దేశంలో ఆ ఏడాది సాధ్యమని అనిపించదు.

ఈ చిత్రాల్లో మనుషులు అరుదు. దీనికి కారణాలు చాలా చెప్పుకోవచ్చు. కానీ మనిషి శరీరాన్ని ఆనాటి అధికారిక కళ ఎంతగా ఆక్రమించుకుందో గుర్తుచేసుకుంటే ఆ ఖాళీ అర్థమవుతుంది. పిడికిలి బిగించకుండా, ఎర్రని బుగ్గలు లేకుండా, దూరపు లక్ష్యం వైపు చూడకుండా మనిషిని వేయడం దాదాపు మరిచిపోయిన విద్య అయింది. చెట్టుకు ఇంకా అలాంటి భంగిమ నేర్పలేదు.

ఆరుబయట బొమ్మ వేయడమే అనుమానాస్పదమని కూడా మరవరాదు. వీధి కమిటీలు ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో గమనించే రోజులవి. వంతెనను గీస్తున్నవాడు గూఢచారి కావచ్చు. ఊరు దాటి వెళ్లి బస చేయాలంటే పనిచేసే సంస్థ నుంచి పరిచయపత్రం కావాలి. ఈ అడ్డంకుల మధ్యే వాళ్లు వేసవి ప్రాసాదానికి, మింగ్ చక్రవర్తుల సమాధుల దగ్గరికి, బెయ్‌దాయ్‌హ సముద్రతీరానికి వెళ్లి వేశారు. కలిసి నడవడం, కలిసి చూడటం, చూసినదాని గురించి రాత్రి మాట్లాడుకోవడం. నిఘా నీడలో స్నేహం ఇలా బతికింది. చిత్రాలు ఆ స్నేహం వదిలిన ఆనవాళ్లు కూడా.

పాత కొండలు, కొత్త చీకటి

చైనా చిత్రకళలో ఈ మౌనానికి చాలా పాత వంశం ఉంది. 1279లో మంగోలులు దక్షిణ సుంగ్ రాజ్యాన్ని పూర్తిగా జయించాక చాలామంది పండితులు కొలువు మానేసి సిరా, కుంచెలతో ఒంటరిగా ఉండిపోయారు. జెంగ్ సిషియావ్ మట్టి లేకుండా, వేళ్లు గాలిలో ఉన్నట్టు ఆర్కిడ్ మొక్కలు వేసేవాడు. మట్టిని పరాయివారు ఎత్తుకుపోయారని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. మంగోలుల యువాన్ రాజ్యం కుప్పకూలుతున్న రోజుల్లో ని జాన్ ఆస్తి వదిలేసి సరస్సుల మీద పడవలో తిరుగుతూ దాదాపు ఒకే దృశ్యాన్ని మళ్లీమళ్లీ వేశాడు. ఇవతలి ఒడ్డున నాలుగైదు చెట్లు, ఒక ఖాళీ పందిరి, మధ్యలో కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేసిన నీరు, అవతల తక్కువ ఎత్తు కొండలు. పందిరిలో ఎవరూ ఉండరు. 1644లో మింగ్ రాజ్యం పోయాక నాన్జింగ్‌లో గోంగ్ షియాన్ వేసిన చిక్కని నల్లని కొండలు కూడా ఈ వరుసలోనివే.

అయితే యుయువాన్‌తాన్ యువతను నేరుగా ఈ పరంపరలో కూర్చోబెట్టడం తొందరపాటు. ని జాన్ చదువుకున్న సంపన్నుడు. ఆయన వదులుకున్నది కొలువు, ఆస్తి. ఫ్యాక్టరీ పిల్లలకు వదులుకోవడానికి ఏమీ లేదు. పాత కళ మీద 1966లో దాడి జరిగింది, గురువులు అవమానాలపాలయ్యారు. వీళ్లు పట్టుకున్నది సిరా కాదు, ఐరోపా నుంచి వచ్చిన తైలవర్ణాలు. వీళ్లకు ఆదర్శం అక్కడక్కడ దాగి మిగిలిన పుస్తకాల్లోని ఫ్రెంచి ఇంప్రెషనిస్టులు, రష్యన్ ప్రకృతి చిత్రకారుడు లెవితాన్. ఒకరు 'బూర్జువా', మరొకరు సోవియట్‌తో చెడిన తర్వాత అనుమానాస్పదులు.

పాత సంప్రదాయాన్ని, పడమటి కళను ఒక్క చేతిలో పట్టుకున్నవాడు షాంఘైలో ఉన్నాడు. ము షిన్ 1971, 72 సంవత్సరాల్లో ఒక భూగర్భ రక్షణ గుంటలో బందీగా ఉన్నప్పుడు, నేరాంగీకార పత్రాలు రాయమని ఇచ్చిన కాగితాల్లో కొన్ని దాచుకుని, 66 కాగితాలను రెండువైపులా చీమలంత అక్షరాలతో నింపాడు. అవి అంగీకారాలు కావు, కళ గురించి, తత్వం గురించి తనతో తాను చేసుకున్న సంభాషణలు. ఆ తర్వాత, 1977 నుంచి 1979 వరకు, నిఘా కింద బతుకుతూ 33 చిన్న ప్రకృతి చిత్రాలు వేశాడు. తడి రంగును కాగితానికి అద్ది, యాదృచ్ఛికంగా ఏర్పడిన మచ్చల్లోంచి కుంచెతో శిఖరాలను, అడవులను, పొగమంచును బయటకు తెచ్చాడు. ఎదురుగా ఏ కొండా లేదు. సుంగ్ కాలపు మహాపర్వతాలను, లియొనార్డో డావిన్సీ చిత్రాల వెనకనుండే వింత శిలలను జ్ఞాపకంలోంచి తీసి కలిపాడు. 2001లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఈ చిత్రాలను ప్రదర్శించేవరకు వాటి పూర్తి విలువ లోకానికి తెలియలేదు.

అందరూ ఇలా కాపాడుకోలేకపోయారు. ఆధునిక చైనా చిత్రకళకు తండ్రి వంటి లిన్ ఫెంగ్‌మియాన్ 1966లో ఇంటి మీద దాడి జరగబోతోందని గ్రహించి, దశాబ్దాలుగా తాను వేసిన చిత్రాలను తన చేతులతోనే నీళ్లలో నానబెట్టి, ముద్దచేసి, మరుగుదొడ్డిలో పారబోశారు. అవి సాక్ష్యాలుగా మారకూడదని. అయినా 1968లో అరెస్టు చేసి నాలుగేళ్లకు పైగా జైలులో ఉంచారు. బయటికొచ్చాక ఆయన హాంకాంగ్ వెళ్లిపోయి, పోయిన చిత్రాలను జ్ఞాపకం నుంచి మళ్లీ వేస్తూ మిగిలిన జీవితం గడిపారు. రెల్లు పొదల మీదుగా ఎగిరే అడవి బాతులు, చీకటి పడుతున్న కొండలు.

ఇది ప్రతిఘటనేనా?

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. మనుషులను వీధుల్లో కొట్టి చంపుతున్నప్పుడు సరస్సు ఒడ్డున కూర్చుని నీటి రంగును పరిశీలించడం పలాయనం కాదా? తెలుగు సాహిత్యంలో భావకవుల మీద అభ్యుదయ కవులు వేసిన ప్రశ్న దాదాపు ఇదే. ఆకలి ఉన్న చోట వెన్నెల గురించి రాయడం ఏమిటని. ఆ ప్రశ్నకు అక్కడ బలముంది, ఎందుకంటే భావకవికి వెన్నెల గురించి రాయమని గానీ రాయవద్దని గానీ ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఎంపిక ఉంది, ఆ ఎంపికకు ఆయన బాధ్యుడు.

కళను ఆజ్ఞగా మార్చిన చోట ఈ లెక్క తారుమారవుతుంది. అందరూ ఏకకంఠంతో ఆకలి గురించి, పోరాటం గురించి, విజయం గురించి బొమ్మలు వేస్తున్న దేశంలో ఆకలి గురించి నిజం చెప్పేదారి పూర్తిగా మూసుకుపోయింది. 1959 నుంచి మూడేళ్లు కోట్లమంది కరవులో చనిపోతున్నప్పుడు చైనా అధికారిక చిత్రాల్లో పంటలు పండి విరగకాస్తున్నాయి. రాజకీయ కళ అన్న పేరుతో ఉన్నది రాజకీయ అబద్ధం. ఆ అబద్ధం పెద్దగా వినిపిస్తున్నంతకాలం, కనీసం ఒక చెట్టు విషయంలోనైనా అబద్ధం చెప్పకుండా ఉండటమే చిత్రకారుడికి అందుబాటులో ఉన్న నిజాయితీ.

అలాగని ఆ చిన్న చిత్రాలు ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు, ఏ అరెస్టునూ ఆపలేదు. ఆ రకమైన ఘనతను వాటికి అంటగడితే వాటినే కించపరిచినట్టు. అవి కాపాడింది ఇంకొకటి. వస్తువును తానుగా చూసి, తానుగా నిర్ణయించుకుని, తన చేత్తో గీసే అలవాటు. పదేళ్లపాటు ఒక దేశం మొత్తంగా ఆ అలవాటును కోల్పోతే, పాలకుడు పోయినంత మాత్రాన అది మర్నాటికి తిరిగిరాదు. ఎక్కడో ఒకచోట అది తెగకుండా ఉండాలి.

తెగలేదనడానికి రుజువు మావో మరణించిన మూడేళ్లకు కనిపించింది. 1979 జూలైలో బీజింగ్ బెయ్‌హాయ్ ఉద్యానంలోని హువాఫాంగ్ జాయ్ మందిరంలో యుయువాన్‌తాన్ చిత్రకారుల బృందం మొదటిసారి బహిరంగంగా చిత్రాలను ప్రదర్శించింది. బీజింగ్ చిత్రకారుల సంఘానికి నాయకత్వం వహిస్తున్న లియు షున్ అందుకు దారి చేశారు. ఆయన స్వయంగా సాంస్కృతిక విప్లవంలో ఏళ్లపాటు జైలులో గడిపినవారు. ప్రదర్శనకు ఒక పేరు కావలసి వచ్చింది. అప్పటివరకు వాళ్లు పేరు పెట్టుకోలేదు, పేరున్న బృందం పోలీసు రికార్డుల్లోకి తేలిగ్గా ఎక్కుతుంది కాబట్టి. చివరికి 'పేరులేని చిత్రకళా సంఘం' అన్నదాన్నే పేరుగా పెట్టుకున్నారు. జనం వచ్చారు, పెద్ద సంఖ్యలో వచ్చారు. పదమూడేళ్లుగా ఎర్రరంగు చూసి అలసిన కళ్లకు అక్కడ బూడిదరంగు నీళ్లు కనిపించాయి.

రెండు నెలల తర్వాత, సెప్టెంబరు 27న, 'నక్షత్రాలు' అనే మరో బృందం జాతీయ చిత్రశాల బయట ఇనుప కంచెకు తమ కళాకృతులు తగిలించింది. పోలీసులు తొలగించారు. అక్టోబరు 1న, జాతీయ దినోత్సవం నాడు, ఆ కళాకారులు కళాస్వేచ్ఛ కావాలంటూ ఊరేగింపు తీశారు. మా దెషెంగ్ ఊతకర్రల మీద ముందు నడిచాడు. వాంగ్ కెపింగ్ చెక్కిన శిల్పాలు, హువాంగ్ రుయ్ చిత్రాలు, తర్వాత ప్రపంచప్రసిద్ధుడైన ఆయ్ వెయ్‌వెయ్ పేరు. విదేశీ విలేకరులకు అర్థమయ్యే ప్రతిఘటన అది, ఫొటోకు దొరికే ప్రతిఘటన. అది చేసినవారి ధైర్యం నిస్సందేహమైనది. కానీ ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచంలో చైనా సమకాలీన కళ చరిత్ర ఆ కంచె దగ్గరే మొదలైనట్టు రాయడం ఆనవాయితీ అయింది. పూలు, సరస్సులు వేసినవారు ఆ కథలో ఒక పేరాకు కూడా నోచుకోలేదు. 1981లో పేరులేని సంఘం మరో ప్రదర్శన పెట్టి, ఆ తర్వాత చెల్లాచెదరైంది. జాంగ్ వెయ్, మా కెలు 1980ల్లో అమెరికా వెళ్లారు. వాంగ్ ఐహె చరిత్ర అధ్యాపకురాలై హాంకాంగ్‌లో స్థిరపడ్డారు. జావ్ వెన్లియాంగ్, యాంగ్ యుషు బీజింగ్‌లోనే ఉండి, ఎవరూ పట్టించుకోకపోయినా వేస్తూనే వచ్చారు. జావ్ 2019లో కన్నుమూశారు.

2006లో కళాచరిత్రకారుడు గావ్ మింగ్‌లు వీళ్ల చిత్రాలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేశాకే ఈ మౌనం కాస్త కదిలింది. వాంగ్ ఐహె తన సహచరుల చిత్రాలను, జ్ఞాపకాలను 13 సంపుటాలుగా సేకరించి ప్రచురించారు. ఆ పుటలు తిప్పినవారికి ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. చైనాలో స్వతంత్ర కళ 1979 శరదృతువులో కంచె మీద పుట్టలేదు. జాంగ్ వెయ్ ఇంట్లో మూసిన తలుపు వెనక 1974లోనే అది గోడకెక్కింది. యుయువాన్‌తాన్ ఒడ్డున అంతకు పదేళ్ల ముందునుంచే ఉంది. కళాచరిత్ర పుస్తకాలు ఆ తేదీని ఇప్పటికైనా వెనక్కి జరపాలి.